కాఫీ కప్పు నిలిచిన రెక్క

"ఇదే. ఇక దీన్నెవరూ ముట్టుకోకండి" అనేసి మా కంపెనీ పెద్దాయన వెళ్ళిపోయాడు. దేన్ని ముట్టుకోకూడదో చెప్పలేదు. మేమూ అడగలేదు. కార్ల రూపాలు గీసే మా స్టూడియోలో మెదళ్ళు ఎలా పనిచేసేవో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను. లేకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు.

నా పేరు ఆర్డిస్ హాల్వర్సన్. డెట్రాయిట్‌లో మా అమ్మాయి కార్లు గీస్తుందని మా అమ్మ వీధంతా చెప్పుకునేది. నేను చేసేది పై అంతస్తులో కూర్చుని సీట్ల గుడ్డలకూ కారు రంగులకూ జోడీ కుదర్చడం. ఆడవాళ్ళమంతా అక్కడే. కారు లోపల మాది, బయట మగవాళ్ళది. ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలిసిన రూలే అది. కింద హాల్లో నమూనా కోసం అసలు కారంత మట్టి కార్లు లేస్తుంటే మెట్ల మీద నిలబడి చూసి, గుడ్డముక్కలు పట్టుకుని మళ్ళీ పైకి పోయేవాళ్ళం.

అవి రెక్కల పిచ్చి పట్టిన రోజులు. కారు వెనక నుంచి లేచే తోకరెక్క పక్క కంపెనీ దానికన్నా ఎత్తుగా ఉండాలి, అంతే. సెడాన్ రెక్కల కోసం మా మగవాళ్ళు కొట్టుకు చచ్చారు. స్టేషన్ వ్యాగన్ దగ్గరికొచ్చేసరికి ఒక్కడికీ ఉత్సాహం లేదు. పిల్లల్నీ కుక్కనీ సంచుల్నీ వేసుకు తిరిగే బండికి రెక్కలెలా ఉంటే ఎవడికి కావాలి?

"ఆడవాళ్ళ బండేగా, ఒక పక్క ఆ పిల్లకిచ్చి చూద్దాం" అన్నాడు మా స్టూడియో పెద్ద బర్కెట్, మెట్ల మీదున్న నన్ను చూపించి. నవ్వులాటకే అన్నాడు. నేను మాత్రం ఆ నవ్వులాటని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు.

ఒక పక్క అంటే ఏమిటో చెప్పాలి. హాల్లో చోటు తక్కువ, మట్టి పని ఎక్కువ. అందుకని ఒకే మట్టి కారు మీద ఎడమ పక్క ఒకరి ఊహ, కుడి పక్క ఇంకొకరి ఊహ చెక్కించేవాళ్ళు. పెద్దాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి ఒకటి ఎంచుతాడు. గెలిచిన పక్కని రెండో పక్కకి దించుకుంటారు. ఓడిన పక్కని గీకేస్తారు. మా వ్యాగన్‌కి ఎడమ పక్క డ్వేన్ ప్రాథర్‌ది, కుడి పక్క నాది.

ప్రాథర్ రెక్క నిటారుగా, అంచు కత్తిలా, చూస్తేనే చెయ్యి కోసుకునేట్టు ఉండేది. నేను నా రెక్కని పడుకోబెట్టాను. వెనక తలుపు పక్కన, నడుమెత్తులో, ఇస్త్రీ బల్ల కొసలా వెడల్పుగా బయటికి సాగుతుంది. దూరం నుంచి చూస్తే రెక్కే, దగ్గరికొస్తే దాని మీద సంచీ నిలుస్తుంది. ఎందుకంటే మా అక్క ఇంగాకి నలుగురు పిల్లలు. చలికాలంలో దుకాణం ముందు నేలంతా మంచు కరిగిన బురద. ఒక చంకలో పిల్ల, ఒక చంకలో కాగితపు సంచి, నోట్లో తాళాలు. సంచి కింద పెడితే అడుగు నాని ఊడిపోతుంది. పెట్టకపోతే తలుపు తెరవడానికి చెయ్యి ఉండదు. బురదలో దొర్లే డబ్బాల వెంట మా అక్క వంగి వంగి పరిగెత్తడం నేనెన్నిసార్లు చూశానో. ఒక్క మగవాడైనా ఎప్పుడైనా చూశాడా అది?

"నీ రెక్క గెలిస్తే నువ్వు కింద హాల్లోనే ఉంటావు. లేదంటే మళ్ళీ గుడ్డముక్కల దగ్గరికే. తర్వాత నా దగ్గర ఏడవకు" అని బర్కెట్ నా మొహం మీదే చెప్పాడు. కారు బయటి పని చేసే ఆడమనిషి మా కంపెనీలో అప్పటికి ఒక్కతీ లేదు. అంచేత ఆ మట్టిముద్ద మీద నా ప్రాణం పెట్టుకున్నాను.

నా పక్కని చెక్కినవాడు జిగ్మంట్. హాంట్రామెక్ పేటలో ఉండే పోలిష్ మనిషి, మా నాన్న వయసు. వెచ్చటి మట్టిని అరచేత్తో రుద్దుతూ, "ఇక్కడ ఇంకాస్త తియ్యమంటావా అమ్మడూ, నీ సంచిలో గుడ్లుంటాయా, బంగాళాదుంపలా?" అని ఏడిపించేవాడు. "గుడ్లే మామా, గుడ్లే అనుకుని చెయ్యి" అనేదాన్ని.

పెద్దాయన రావడానికి ముందు మట్టి మీద రంగు వేసిన పల్చటి పొర అతికించాలి. అప్పుడది నిజం కారులా మెరుస్తుంది. రెండు పక్కలా ఒకే రంగుండాలి, లేకపోతే పోటీ సమానం కాదు. "పైనుంచి ఏదో ఒక రంగు పట్రా, త్వరగా" అన్నాడు బర్కెట్. నాకు రెక్క తప్ప వేరే ధ్యాస లేదు. పచ్చి యాపిల్ తొక్కకి కొంచెం పాలు కలిపినట్టుండే ఆకుపచ్చ ఒకటి నిలబడ్డ పళంగా కలిపి తెచ్చాను. దాన్ని రెండోసారి కూడా చూసుకోలేదు.

పెద్దాయన స్టాన్‌హోప్ కాఫీ కప్పుతో వచ్చాడు, వెనక అరడజను సూట్లవాళ్ళు. కారు చుట్టూ తిరిగాడు. కుడి పక్క ఆగాడు. కప్పుని నా రెక్క మీద పెట్టాడు! అది కదల్లేదు. ఎడమ పక్కకి వెళ్ళాడు, తల వంచి చూశాడు. వెనక్కొచ్చి సరిగ్గా మధ్యలో నిలబడి, "ఇదే. ఇక దీన్నెవరూ ముట్టుకోకండి" అన్నాడు. "అలాగే సార్" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. కప్పు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకోగానే ప్రాథర్ జుట్టు సర్దుకుని, "మంచిది. కుడి పక్క గీకడం మొదలెట్టండి" అన్నాడు.

"ఏం, నీ పక్క అని ఆయన చెప్పాడా?"

"చెప్పాలా ఏంటి తల్లీ? నా పక్క తల వంచి మరీ చూశాడు."

"నా దాని మీద కప్పు పెట్టాడు."

"అదే కదా నేననేది! కప్పు పెట్టాడంటే బల్ల అనుకున్నాడన్నమాట. రెక్క మీద ఎవడైనా కప్పు పెడతాడా?"

హాలంతా గొల్లుమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అది బల్లలా ఉండాలనే చేశాను, నీ కత్తిపీట మీద పెట్టమను చూద్దాం, జారి నీ బూట్ల మీదే పడుతుంది" అన్నాను.

బర్కెట్‌కి చెమటలు పట్టాయి. "ఆగండి, ఆగండి. జిగ్మంట్, నువ్వు పెద్దాయనవనుకో. ఎక్కడ నిలబడ్డాడు? ఎటు చూశాడు?" అన్నాడు. జిగ్మంట్ కప్పు పట్టుకుని, పొట్ట ముందుకు తోసి, కారు చుట్టూ తిరిగాడు. "ఇంకొంచెం ఎడమకి" అని ప్రాథర్, "అబద్ధం, కుడికి" అని నేను. చదువుకున్న మనుషులం, మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద ఆయన బూట్ల తడి జాడలు వెతికాం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"వెళ్ళి అడిగితే పోలా?" అన్నాను చివరికి.

నేనేదో బూతుమాట అన్నట్టు చూశారంతా. పెద్దాయన్ని ప్రశ్న అడగడం మా దగ్గర లేదు. అడిగితే నువ్వు శ్రద్ధగా వినలేదని అర్థం. వినని వాడికి మరుసటి ఏడు కుర్చీ ఉండదు.

"అక్కర్లేదు" అన్నాడు బర్కెట్. "రెండూ కలిపేద్దాం. ఎడమది సగానికి దించండి, కుడిది సగానికి లేపండి. ఎటు చూసినా ఆయన ఎంచినదానిలో సగం ఉంటుంది. భోజనాలయ్యాక మొదలెట్టండి."

సగం లేచిన రెక్క! సంచి నిలవదు, చూడ్డానికీ బాగోదు. దానికన్నా ఓడిపోవడం నయం. జిగ్మంట్ కత్తి చేతిలో పట్టుకుని నావైపు చూశాడు. "భోజనం మెల్లిగా చేస్తాలే అమ్మడూ" అన్నాడు. అంతకన్నా అతను చేయగలిగిందేమీ లేదు.

పెద్దాయన లిఫ్టు వేరే. అందులో ఆయన తప్ప ఎవరూ ఎక్కరు. తలుపు మూసుకుంటుంటే నేను దూరాను.

"సార్, నేను ఆర్డిస్ హాల్వర్సన్. పొద్దున వ్యాగన్ చూశారు కదా. ఏ పక్క రెక్క ఎంచారో మాకు తెలియలేదు."

"రెక్కా? ఏ రెక్క?"

"తోకరెక్కలు సార్. రెండు పక్కలా వేరేవేరేగా ఉన్నాయి. మీరు కప్పు పెట్టిన పక్క నాది."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. కోపం లేదు. అదే నాకు ఇంకా మంట.

"వ్యాగన్‌కి సెడాన్ రెక్కలే వస్తాయమ్మాయ్. రేకు నొక్కే అచ్చులు వేసవిలోనే తయారైపోయాయి. ఒక్క వ్యాగన్ కోసం మళ్ళీ అచ్చులు పోయిస్తామా?"

"మరి... ఆ మాట కింద ఎవరికీ చెప్పలేదేం సార్?"

"ఎవరూ అడగలేదుగా."

"మరి ఇదే, ముట్టుకోవద్దు అన్నారు?"

"ఆ రంగు!" అన్నాడు, మొహమంతా విప్పారింది. "ఆ ఆకుపచ్చ! ఎన్నేళ్ళ నుంచి వెతుకుతున్నానో అలాంటిదాని కోసం. ఎవరు కలిపారది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇంకెవరి పేరైనా చెప్పొచ్చు. కానీ నోరు ఊరుకోదు కదా.

"నేనే సార్."

"భేష్! అయితే రంగుల దగ్గర, నువ్వుండాల్సిన చోటే ఉన్నావు. అక్కణ్ణుంచి నిన్నెవరూ కదల్చకుండా నేను బర్కెట్‌తో చెబుతాను" అన్నాడు. లిఫ్టు ఆగింది. ఆయన దిగిపోయాడు, చాలా మంచి పని చేసినవాడిలా.

కిందికి దిగేసరికి అందరూ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. "ఏ పక్క? ఏ పక్క?" అని ప్రాథర్ ముందుకొచ్చాడు. చెప్పాను. ప్రాథర్ తన రెక్క దగ్గరికి వెళ్ళి దాని అంచుని వేలితో నిమిరాడు. "అయితే ఇన్నాళ్ళూ మనం ఏం చేసినట్టురా?" అని బర్కెట్‌నే అడిగేశాడు, సార్ అనడం కూడా మరిచిపోయి. పాపం, వాడి మీద మొదటిసారి జాలేసింది. బర్కెట్ మాత్రం రుమాలుతో మెడ తుడుచుకుని, "రంగు బాగుందన్నాడుగా, అది మన స్టూడియో రంగేగా" అన్నాడు. కొట్టాలనిపించింది, నిజంగా.

జిగ్మంట్ నా దగ్గరికొచ్చి, "నీ రెక్క నువ్వు కోస్తావా అమ్మడూ, నన్ను కొయ్యమంటావా?" అన్నాడు.

"నువ్వే కొయ్యి మామా. నా వల్ల కాదు" అన్నాను. పైకి వెళ్ళి గుడ్డముక్కల మధ్య కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. నా బల్ల మీద అప్పటికే కాగితం ముక్క ఉంది. ఆ ఆకుపచ్చ పాళ్ళు వెంటనే పంపమని.

వ్యాగన్ బజారులోకి వచ్చింది. ఆ రంగులోనే ఎక్కువ అమ్ముడుపోయింది. నా జీతం పెరిగింది, బల్ల కిటికీ పక్కకి మారింది. కింద హాల్లోకి మళ్ళీ నన్నెవరూ పిలవలేదు.

మరుసటి చలికాలం ఓ శనివారం మా పేట దుకాణం ముందు దాన్ని చూశాను. నా ఆకుపచ్చ, సెడాన్ రెక్కలు. దాని వెనక ఒకావిడ, చంకలో పిల్లాడు, ఇంకో చంకలో రెండు కాగితపు సంచులు, నోట్లో తాళాలు. నేలంతా మంచు బురద. ఆవిడ చుట్టూ చూసి, వేరే దారిలేక, ఒక సంచిని రెక్క మీద ఆనించింది. పడుతుందని నాకు ముందే తెలుసు. అరిచేలోపే జారింది. గుడ్లు చితికిన చప్పుడు నాదాకా వినిపించింది.

పరిగెత్తుకెళ్ళి డబ్బాలు ఏరాను. చిరగని రెండో సంచిని నా చేతుల్లోకి తీసుకున్నాను. ఆవిడ తాళం తిప్పుతూ, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో, "ఈ పాడు రెక్కలు ఎవడు పెట్టాడో గానీ, వాడు జన్మలో ఒక్క సంచి మోసుండడు" అంది.

"మోసుండడు" అన్నాను.

"మా ఆయన వద్దన్నాడు. నేనే పట్టుబట్టి కొనిపించాను, రంగు చూసి. బాగుంది కదూ రంగు?"

ఎంతో చెప్పాలనిపించింది.

"బాగుందండీ. మీరు ముందు తలుపు తియ్యండి, నేను పట్టుకుంటాను" అన్నాను. వెనక తలుపు కుడి పక్కన, నడుమెత్తులో, సంచి పట్టుకుని ఆవిడ లోపల చోటు సర్దుకునేదాకా నిలబడ్డాను.