కదలొద్దన్న చోటు

కారు ఆగిపోయిన చోట చెట్టు నీడ కూడా లేదు. రోడ్డుకి రెండు వైపులా ఎండిపోయిన గడ్డి. బానెట్ కిందనుంచి ఆవిరి బుసలు కొడుతోంది.

అటుగా పోతున్న లారీ ఒకటి ఆగితే కాషిఫ్ అందులో ఎక్కాడు.

"ముందు ఊళ్ళో మెకానిక్ ఉన్నాడంట, తీసుకొచ్చేస్తా. పాపని పెట్టుకుని ఎటూ కదలొద్దు అమీనా, ఇక్కడే ఉండు."

"తొందరగా రండి," అంది అమీనా.

తెనాలి నుంచి అడిలైడ్ వచ్చాక ముగ్గురూ కలిసి బయల్దేరిన మొదటి ప్రయాణం ఇది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయంతో ఓ బ్యాంకు కాషిఫ్‌తో పగలూ రాత్రీ పనిచేయించింది. కొత్త సంవత్సరం వచ్చింది, ఏమీ ఆగలేదు. అతనికి వారం సెలవిచ్చారు. ఈ దేశంలో జనవరి అంటే మండు వేసవి.

కాసేపటికి ఏదో కాలిన వాసన వచ్చింది. అమీనా దిగి చూసింది. పడమటి వైపు ఆకాశం అడుగున గోధుమరంగు పొగ. ముందు సన్నగా కనిపించింది, చూస్తుండగానే సూర్యుణ్ణి మూసేసింది. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ లేదు.

"అమ్మీ, ఈజ్ ఇట్ గోయింగ్ టు రెయిన్?" అంది నాలుగేళ్ళ ఫరహ్.

"లేదమ్మా," అని పాపని ఎక్కించి, తానూ ఎక్కి తలుపులు లాక్ చేసింది. కాషిఫ్ ఇంతలో వచ్చేస్తాడు. వచ్చేసరికి తను లేకపోతే?

పొగలోంచి లైట్లు వేసుకుని పాత బండి ఒకటి వచ్చి పక్కనే ఆగింది. మగవాళ్ళ టోపీ పెట్టుకున్న పొట్టి ముసలావిడ దిగి అద్దం మీద దబదబ కొట్టింది. చూస్తే ఈ దేశం మనిషిలా లేదు.

"ఫైర్! కమ్! మై హౌస్!"

అమీనా పాపని దగ్గరికి లాక్కుంది. "మై హస్బెండ్... హీ సెడ్ వెయిట్."

ముసలావిడ పొగ వంక చూసింది. ఫరహ్ వంక చూసింది. అద్దానికి అరచెయ్యి ఆనించి, ముక్కలు ముక్కలు ఇంగ్లీషులో, గట్టిగా చెప్పింది.

"నేను చిన్నపిల్లని. జపాన్. బాంబులు, మంటలు. మా అమ్మ ఉండమంది, వస్తానంది. ఉన్నాను. మంట వచ్చింది, అమ్మ రాలేదు. పరిగెత్తాను. అందుకే బతికాను."

అమీనా లాక్ తీసింది. కాషిఫ్‌కి గుర్తుగా ఎర్ర చున్నీ సైడు అద్దానికి ముడేసి, పాపని ఎత్తుకుని ఆ బండిలోకి దూకింది.

ఇల్లు గుట్ట వెనకాల ఉంది. చుట్టూ గొర్రెలు మేసేసిన నున్నటి నేల. ముసలావిడ పేరు ఫుమికో. యుద్ధం అయిపోయాక జపాన్ వచ్చిన ఒక ఆస్ట్రేలియా సైనికుణ్ణి పెళ్ళాడి ఇక్కడికొచ్చింది. ఆయన పోయాడు. ఇవన్నీ అమీనాకి తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి ఎటు చూపిస్తే అటు పరిగెత్తింది. బాత్ టబ్ నింపింది, తువ్వాళ్ళు తడిపి తలుపు సందుల్లో కుక్కింది, ఉన్ని దుప్పటి తడిపి ఫరహ్‌కి కప్పింది.

మంట చప్పుడు ముందొచ్చింది, రైలు ఇంట్లోకి దూసుకొస్తున్నట్టు. కిటికీలు నారింజరంగుకి తిరిగాయి. ముగ్గురూ నేలమీద ఒకరినొకరు పట్టుకుని పడుకున్నారు. అమీనా కలిమా చదువుతోంది. ఫుమికో తన భాషలో ఏదో గొణుగుతోంది. వెనక గదిలో అద్దం ఫెళ్ళున పగిలింది.

చప్పుడు దాటిపోగానే ఫుమికో లేచింది. "ఇప్పుడు! బయటికి!"

వరండా స్తంభం రాజుకుంది. తడి గోనెసంచితో అమీనా దాన్ని బాదింది. చేతులు కాలుతున్నా ఆపలేదు. ఫుమికో బకెట్లతో నీళ్ళు పోసింది. స్తంభం చల్లారింది, ఇల్లు నిలిచింది.

"నా భర్త," అంది అమీనా ఆయాసపడుతూ. ఫుమికో బండి తాళాలు తీసుకుంది.

కారు ఉన్న చోట నల్లటి ఇనుప చట్రం మిగిలింది. చున్నీ లేదు. కాషిఫ్ రోడ్డు మీద కూలబడి ఉన్నాడు. తనని తీసుకొచ్చిన ఫైర్ వాళ్ళలో ఒకతను భుజం పట్టుకుని ఉన్నాడు. బండి ఆగినా కాషిఫ్ తల తిప్పలేదు.

"అబ్బా!" అని తండ్రిని పిలుస్తూ అరిచింది ఫరహ్.

అతను తిరిగి చూశాడు. లేవబోయాడు, ఈలోపు పాపే పరిగెత్తింది. దాన్ని తడిమి, అమీనా పాదాలు తడిమి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమీనా అక్కడే రోడ్డు మీద కూర్చుని అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

సెలవులో మిగిలిన రోజులు వాళ్ళు ఫుమికో ఇంట్లోనే ఉండిపోయారు. కాషిఫ్ కాలిన కంచె రాట్లు పీకి కొత్తవి పాతాడు. చేతులకి కట్లతోనే అమీనా పప్పు, అన్నం వండింది. ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర ఫుమికో చెంచా పక్కన పెట్టింది.

"మా అమ్మ సంగతి మా ఆయన జాక్‌కి కూడా చెప్పలేదు," అంది. "అమ్మ మాట వినలేదని... ఎవరికీ చెప్పలేదు."

అమీనా ఆలోచించింది. చెప్పాలనుకున్నదానికి తగిన ఇంగ్లీషు తన దగ్గర లేదు.

"మీ అమ్మ పేరేంటి ఆంటీ?" అని అడిగింది.

"చియో."

ఆ పేరు చెప్పి ఫుమికో మళ్ళీ చెంచా అందుకుంది. అమీనా ఇంకో గరిటె అన్నం వడ్డిస్తే వద్దనలేదు. తిన్నాక టోపీ పెట్టుకుని, ఫరహ్‌ని వెంటబెట్టుకుని, మిగిలిన గొర్రెల్ని చూడ్డానికి వెళ్ళింది.