చీటీలో లేని పీతలు

ఎండిన నాచు వాసన.

కాలిన రాళ్ళ మీద ఎండిన నాచు వాసన. కొంచెం ఇనుములా, కొంచెం తడి గడ్డిలా. తుంగభద్ర వెనక్కి తగ్గుతుంది. తగ్గుతూ తగ్గుతూ రాళ్ళ గుంటల్లో కాసిన్ని నీళ్ళు మరిచిపోతుంది. అప్పుడు వస్తుంది ఆ వాసన. వేసవిలోనే. ఆ రెండు నెలలే.

బుల్లెమ్మ ఆ వాసన కోసం ఏడాదంతా కాచుకుంటుంది.

ఆమె పుట్టింది సముద్రం పక్కన. పోటు తగ్గాక రాళ్ళ మధ్య మిగిలిన నీళ్ళలో వాళ్ళమ్మ వేలు పట్టుకుని నడిచింది. నల్లటి ముళ్ళబంతుల్లాంటి జీవులు రాళ్ళకు అతుక్కుని ఉండేవి. వాటి మీద కాలు పడకూడదు. మన కాలు కోసమే కాదు, వాటి కోసం కూడా... అనేది వాళ్ళమ్మ.

పందొమ్మిదో ఏట హనుమయ్యను కట్టుకుని, కోస్తా రైతులు వలస వచ్చి కట్టుకున్న ఈ క్యాంపుకి వచ్చింది. కాలువ నీళ్ళు, వరి చేలు, మళ్ళీ కాలువ నీళ్ళు. చుట్టూ నీళ్ళే. కానీ ఆ నీళ్ళలో ఒక్క రాయి లేదు. ఒక్క అల లేదు. మొదటి వేసవిలో ఎవరో నది చూపించారు. రాళ్ళు చూసింది. రాళ్ళ మధ్య గుంటలు చూసింది. గుంటలో ఒక పీత అడ్డంగా పరుగెత్తింది.

ఆ రోజు బుల్లెమ్మ ఏడ్చింది. ఎందుకని హనుమయ్య అడిగాడు. చెప్పలేదు. చెప్పినా ఆయనకు అర్థం కాదు.

అప్పటి నుంచి ప్రతి వేసవీ వెళ్తుంది. ఒక బకెట్టు. ఒక కొక్కెం కర్ర. పీతను పట్టి వెల్లకిలా తిప్పుతుంది. పొట్ట మీది మూత సన్నగా ఉంటే మగది, బకెట్టులోకి. వెడల్పుగా ఉంటే ఆడది. ఆ మూత కింద గుడ్లున్నా, పిల్లలున్నా మళ్ళీ నీళ్ళలోకే. అరచేతి కంటే చిన్నదైనా నీళ్ళలోకే. బకెట్టు సగం నిండితే ఇంటికి.

ఇంత చిన్న మాట.

ఇంత చిన్న మాటే ఎవరికీ తలకెక్కదు.

*

ఈ ఏడాది గట్టు మీద బోర్డు పెట్టారు. కన్నడంలో. బుల్లెమ్మకు కన్నడం మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. క్యాంపు అంగన్‌వాడీలో పనిచేసే జయాబాయి చదివి చెప్పింది. జయాబాయిది నదికి ఆనుకున్న తండా. ఈ నీళ్ళే తాగి పెరిగిన మనిషి.

"ఈ కాడికెల్లి ఆ మలుపు దాకా చాపల సంఘానిదంట అక్కా. సంఘపోళ్ళ చీటీ లేకుంట చాపలు పట్టొద్దని రాసిండ్రు."

"మరి పీతలు?"

"ఎండ్రకాయల గురించి ఏం రాయలే."

ఇంకెవరైనా అయితే అక్కడితో కొంగు దోపుకుని నీళ్ళలోకి దిగేవాళ్ళు. బుల్లెమ్మ దిగలేదు. ఖాళీ బకెట్టుతో ఇంటికి వచ్చింది.

"అడిగితేనే రూలు. అడక్కపోతే నది" అన్నాడు హనుమయ్య, పేపరు మీద నుంచి కళ్ళెత్తకుండా.

ముప్పై ఆరేళ్ళుగా ఈయన ఇంతే. నిజమైన మాటలే అంటాడు. పనికొచ్చే మాట ఒక్కటీ అనడు.

సంఘం ఆఫీసుకి మొదటిసారి వెళ్తే కార్యదర్శి యమనూరప్ప ఎవరిదో పెళ్ళికి పోయాడు. రెండోసారి ఉన్నాడు. విని నవ్వాడు.

"ఎండ్రకాయలకు చీటీ ఏందక్కా? పట్టుకో పో. ఎవరొద్దన్నరు?"

"బోర్డు వద్దంది."

"బోర్డు చాపలకక్కా. మూడేండ్ల సంది ఈ నీళ్ళు మావే. నిన్ను ఎప్పుడన్న ఆపినమా?"

మూడేళ్ళు! బుల్లెమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అంటే ఇది కాక, తెలియకుండా రెండు వేసవులు వీళ్ళ నీళ్ళలో చెయ్యి పెట్టింది. అడక్కుండా.

"రేపు మీ కాపలావాడు నా బకెట్టు లాక్కుంటే బోర్డు చూపించనా, నీ నవ్వు చూపించనా? కాయితం ఇవ్వు యమనూరప్పా."

మూడోసారి వెళ్తే కాయితం ఇచ్చాడు. ముద్ర కూడా కొట్టాడు. జయాబాయి చదివింది. చదివి, బుల్లెమ్మ మొహం వంక చూసింది.

"దీంట్ల చాపలనే ఉందక్కా."

పీతలకు చీటీ అడిగితే చేపలకిచ్చాడు. చేపలు ఎవరికి కావాలి! చేప ముల్లు పడదనే కదా హనుమయ్య ముప్పై ఆరేళ్ళుగా పళ్ళెం పక్కకి నెడుతున్నది!

నాలుగోసారి. మళ్ళీ అదే ఎండ, అదే బస్సు, అదే బల్ల. యమనూరప్ప 'మీను' అన్న మాట కొట్టేశాడు. పైన 'ఏడి' అని రాశాడు, కన్నడంలో పీత. కొట్టేసిన చోట దస్కత్ చేశాడు.

"నీతోని పరేషానైతున్న అక్కా."

నాతో నాకే అలా ఉంది నాయనా, అనుకుంది బుల్లెమ్మ. కాయితం మడిచి రవికెలో పెట్టుకుంది.

ఈ తిరుగుళ్ళలో పద్దెనిమిది రోజులు పోయాయి. పద్దెనిమిది రోజులూ ఆమె నీళ్ళు ముట్టలేదు.

*

కోటి హనుమయ్య తమ్ముడు. కొత్త ఇల్లు కట్టాడు. రెండంతస్తులు, ముందు స్టీలు గేటు. గృహప్రవేశం మర్నాడు భోజనాలు. రాయచూరు నుంచి కూడా జనం వస్తున్నారు.

"వదినా, పీతల పులుసు పెట్టాలి. నీ చేత్తో. రెండొందల మందికి."

"రెండొందల మందికా? ఆ గుంటలన్నీ వెతికితే రెండొందల పీతలుంటాయో లేదో."

"నీకు తెలియని గుంట ఉందా వదినా!"

"తెలుసు కాబట్టే చెబుతున్నా. ఇప్పుడు తల్లులు పిల్లల్ని మోసే కాలం. కోడి పెట్టుకో."

"కోడి ఎవరైనా పెడతారు" అని నవ్వాడు కోటి.

నవ్వుతాడు. యమనూరప్ప నవ్వుతాడు, కోటి నవ్వుతాడు. ఈ మగాళ్ళందరూ ఏం చూసి నవ్వుతారో...

కోటి అడిగిపోయిన మర్నాడు, తెల్లగా తెల్లారాక చీటీ పట్టుకుని నదికి వెళ్ళింది. అక్షరం అక్షరం సరైన చీటీ. ముద్ర ఉన్న చీటీ. ఈ వేసవికి మొదటి రోజు.

నాచు వాసన లేదు.

ఆసుపత్రి గచ్చు కడిగిన వాసన. ముక్కులో మంట. కళ్ళలో మంట.

రాళ్ళ మీద తెల్లటి పొడి. గుంటలో చిన్న చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. పీతలు నీళ్ళు వదిలి పైకి పాకాయి. కాలే రాతి మీదికి పాకాయి. పాకి, అక్కడే ఆగిపోయాయి. ఒక తల్లి పీత ఆగిపోయింది. పొట్ట మూత కింద ఆవగింజలంత పిల్లలు. అవీ ఆగిపోయాయి.

బుల్లెమ్మ కూర్చుండిపోయింది.

పక్కన ఇసుకలో తండావాళ్ళు తవ్వుకున్న చెలమ ఉంది. తాగే నీళ్ళు. గట్టు మీంచి జయాబాయి బిందెతో దిగుతోంది. బుల్లెమ్మ లేచింది. లేచి, గొంతు పగిలేలా అరిచింది.

"జయా! ముట్టుకోకు! ఆ నీళ్ళు ముట్టుకోకు!"

జయాబాయి ఆగింది. గుంటను చూసింది. వాసన చూసింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని తండా వైపు పరుగెత్తింది, మిగిలిన ఆడవాళ్ళను ఆపడానికి.

*

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో రెండు తొట్లు. నిండా పీతలు.

"వదినా, తెల్లారకముందే పని అయిపోయింది. ఇక పులుసు నీ వంతు."

బుల్లెమ్మ వంగి ఒక పీతను తిప్పింది. వెడల్పు పొట్ట. ఇంకోటి తిప్పింది. వెడల్పు పొట్ట. ఇంకోటి. అరచేతిలో సగం లేదు. ఇంకోటి. వెడల్పు పొట్ట... వెడల్పు పొట్ట...

"గుంటలో ఏం పోశారు కోటీ?"

"కొంచెం బ్లీచింగు పౌడరు. బావుల్లో చల్లేదేగా వదినా! నీళ్ళు శుభ్రమవుతాయి కూడా."

శుభ్రం.

ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? ముప్పై ఆరేళ్ళ కిందట మొదలుపెట్టాలా? సముద్రం దగ్గర మొదలుపెట్టాలా?

"పక్కన తండావాళ్ళ చెలమ ఉంది. చూశావా?"

కోటి నవ్వు ఆగింది. చూడలేదని మొహమే చెప్పింది.

"ఇవి రెండొందల మందికి పెడతావా?"

"పోనీలే బుల్లెమ్మా, రెండుసార్లు కడిగి వండితే..." అన్నాడు హనుమయ్య.

ఆమె భర్త వంక చూసింది. ఆయన మాట మధ్యలో ఆపేశాడు. పేపరు వెతుక్కున్నాడు. పేపరు చేతిలోనే ఉంది.

బుల్లెమ్మ ఒక తొట్టిలోంచి సగం పీతల్ని బకెట్టులో వేసింది. పైన పాత చీర ముక్క కట్టింది. బస్సెక్కింది. వాసనకు ముందు సీటువాళ్ళు వెనక్కి జరిగారు, వెనక సీటువాళ్ళు కిటికీలు తెరిచారు. కండక్టరు దిగమన్నాడు. ఆమె దిగలేదు. కండక్టరు మళ్ళీ అనలేదు.

*

తాలూకా ఊళ్ళో సర్కారు చేపల ఆఫీసు. బల్ల వెనక శిల్ప అనే అమ్మాయి. రాయచూరు పిల్ల. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. బకెట్టు మీది గుడ్డ తియ్యగానే ముక్కు మూసుకోలేదు. వంగి చూసింది. ఒక పీతను తనే తిప్పింది.

ఆ ఒక్క పనికి బుల్లెమ్మ కళ్ళు తడిశాయి.

"కూసోండమ్మ. ఎవరు పోసిండ్రు?"

గోడ మీద పంకా తిరుగుతోంది. ఒక్క మాట. ఆ మాట అంటే ఇక కోటి ఇంటి గడప తొక్కే వీలుండదు. పండగలకు పిలుపు ఉండదు. తోటికోడలు కిరణ్మయి మొహం ఎలా చూస్తుంది?

"మా మరిది. కోటేశ్వరరావు" అంది.

శిల్ప రాసుకుంది.

"నా పేరు కూడా రాయమ్మా."

"ఫిర్యాదు చేసేది మీరే గద. రాసిన."

"అది కాదు. పట్టినవాళ్ళలో రాయి. రెండు వేసవులు సంఘం చీటీ లేకుండా పట్టాను నేను."

శిల్ప పెన్ను ఆపింది. "అది ఎవ్వరు అడగలేదు గదమ్మ."

"ఎవరూ అడగరు" అంది బుల్లెమ్మ. "అదే కదా తల్లీ నా ప్రాణం విసిగిపోయేది."

శిల్ప పెన్ను మళ్ళీ కాయితం మీద పెట్టింది. అదీ రాసింది.

*

మధ్యాహ్నానికే జీపు వచ్చింది. నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. రెండు తొట్లలోని పీతల్నీ గొయ్యి తీసి పూడ్చేశారు. చెలమ దగ్గర ఎర్ర గుడ్డ కట్టి, తండాకు ట్యాంకరు పంపారు. కోటికి నోటీసు వచ్చింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు కోడి కూర తిన్నారు. బాగుందన్నారు కూడా.

బుల్లెమ్మను ఎవరూ పిలవలేదు. హనుమయ్య ఒక్కడే వెళ్ళాడు. ఒక్కడే వచ్చాడు.

సంఘం ఆ మలుపు వరకూ నది మూసేసింది. వానాకాలం దాటేదాకా ఎవరూ దిగకూడదు. ఎవరి చీటీ అయినా రద్దే. యమనూరప్ప స్వయంగా వచ్చి అడిగితే బుల్లెమ్మ కాయితం తీసి ఇచ్చింది. నాలుగుసార్లు తిరిగిన కాయితం. ఒక్క పీతను కూడా పట్టని కాయితం.

"అందరికన్న ముందుగాల నీదే తీసుకుంటున్న అక్కా" అన్నాడు. ఈసారి నవ్వలేదు. "రూలు గిట్లనే ఉంటది."

"ఉండనీ" అంది.

క్యాంపులో ఆడవాళ్ళు ఆమె రాగానే మాట మార్చేవారు. సొంత మరిది... అయినవాళ్ళు... పీతల కోసం... ముక్కలు ముక్కలుగా వినిపించేది. పీతల కోసమేనా? చెలమ సంగతి ఎవరూ ఎత్తరేం? చెప్పాలనిపించేది. ఎన్నిసార్లు చెప్పాలి!

ఒక సాయంత్రం కిరణ్మయి వచ్చింది. గడప దాటలేదు. వాకిట్లోనే నిలబడింది.

"అక్కా, ఆ రోజు వండి పెట్టి ఉంటే... పిల్లలకి నిజంగానే ఏమన్నా అయ్యేదా?"

"తెలియదే. అవ్వకపోయినా అవ్వకపోవచ్చు."

అబద్ధం చెప్పి ఉంటే సుఖంగా ఉండేది. అయ్యేదని గట్టిగా అంటే కిరణ్మయి లోపలికి వచ్చేది. కానీ తెలియదు. తెలియనిది ఎలా చెబుతుంది?

కిరణ్మయి తల ఊపింది. వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుందో రాదో.

*

జూన్‌లో పై ఊళ్ళలో ఎక్కడో వాన పడింది. నది రంగు మారింది. ఒకరోజు పొద్దున బుల్లెమ్మ చెప్పులేసుకుంటుంటే, హనుమయ్య కూడా వేసుకున్నాడు.

"మీరెక్కడికి?"

"నువ్వెళ్ళే చోటికే."

ముప్పై ఆరేళ్ళలో ఆయన ఆ రాళ్ళ దాకా రావడం ఇదే మొదలు. దారంతా మోకాలు గురించి చెప్పాడు. ఎండ గురించి చెప్పాడు. ఇంత దూరమా అని మూడుసార్లు అన్నాడు. ఆమె పళ్ళు బిగించి నడిచింది.

నీళ్ళలోకి దిగలేదు. దిగకూడదు. ఒడ్డున, తడి మొదలయ్యే చోట నిలబడ్డారు. గుంటలో నీళ్ళు తేటగా ఉన్నాయి. మరీ తేటగా. కదలిక లేదు.

"ఉన్నాయంటావా?" అన్నాడు.

"ఏమో."

హనుమయ్య వంగాడు. మూలుగుతూ వంగాడు. కాళ్ళ దగ్గరి రాయి ఒకటి రెండు చేతులతో ఎత్తి పక్కకి తిప్పాడు. కింద నల్లటి తడి ఇసుక. వేలు పట్టేంత బొరియ. అంతే.

"ఏమీ లేదు" అన్నాడు. చేతులు దులుపుకున్నాడు. రాయి వెల్లకిలా పడి ఉంది.

"అలా వదిలేస్తారేంటండీ?"

"కింద ఏమీ లేదుగా!"

కోపం వచ్చింది. చెప్పాలంటే బోలెడు ఉంది. బుల్లెమ్మ చతికిలబడి రాయి అంచు పట్టుకుంది. బరువు. ఒక్కదానివల్ల కాలేదు. ఆయన్ని పిలవలేదు.

కాసేపు నిలబడే ఉన్నాడు హనుమయ్య. తర్వాత వంగాడు. అవతలి అంచు పట్టుకున్నాడు.

"ఎటు?"

"తడి వైపు కిందికి. మెల్లగా... బొరియ మూసుకుపోకూడదు."

"ఇలాగా?"

"ఇంకొంచెం ఇటు."

రాయి కూర్చుంది. దాని చుట్టూ నీళ్ళు నిదానంగా ఊరాయి.