మూడో బొమ్మలో చెయ్యి

శనివారం పొద్దున జర్నల్ వాళ్ళ ఉత్తరం వచ్చింది. కాగితం కాదు, కంప్యూటర్‌లోనే. మా అమ్మాయి దేదీప్య దాన్ని రెండుసార్లు చదివి, కాఫీ కప్పు పక్కకు జరిపి, తల పట్టుకుంది. అమెరికాలో ఆమె ఉండే బాతెల్‌లో ఆ వేళ కూడా సన్నగా వాన పడుతూనే ఉంది.

ఆమె పని మొక్కల వేళ్ళ మీద. మూడేళ్ళ కిందట సెలవు పెట్టి ఊరొచ్చినప్పుడు మా చేను గట్టున ఒక పిల్లిపెసర మొక్కను పెరికింది. దాని వేరుకున్న బుడిపెల మీదే ఇంత వ్యాసమూ రాసింది. ఫొటో కోసం ఆ మొక్కను కాడ దగ్గర పట్టుకుని, వేరు కిందికి వేలాడేలా చూపించింది వాళ్ళమ్మ. ఆ ఎండాకాలం దాటకుండానే ఆమె పోయింది. వీసా కాగితాలు ఎక్కడో ఆగిపోయి అమ్మాయి కడసారి చూపుకు రాలేకపోయింది. ఆ సంగతి మేమిద్దరం ఎత్తము.

వ్యాసాన్ని వాళ్ళు కాదనలేదు. తీరు మాత్రం తమ పద్ధతిలో లేదన్నారు. పట్టికల్లో నిలువు గీతలు ఉండకూడదట. చివర ఇచ్చిన పుస్తకాల పేర్లు వరస మార్చాలట. అవన్నీ గంటలో సర్దేసింది. మూడో బొమ్మగా పెట్టిన ఆ ఫొటో దగ్గర ఆగిపోయింది. అందులో మనిషి చెయ్యి కనపడకూడదు. బుడిపెలు ఎంతున్నాయో తెలిసేలా కింద ఒక కొలత గీత ఉండాలి. సోమవారంలోగా పంపాలి.

చెయ్యి తీసెయ్యడం చిటికెలో పని. గీతకే ఆధారం లేదు. ఆ రోజు పక్కన స్కేలు పెట్టడం మరిచిపోయింది. పరీక్షలు చేయించింది ఆ మొక్కకే కనుక ఇంకో మొక్క ఫొటో పనికిరాదట. బొమ్మ లేకపోతే చెప్పిందాంట్లో సగం నిలబడదట.

ఆమెతో కలిసి వ్యాసం రాసిన నళిని ఫోన్ చేసింది. దేదీప్య స్పీకర్‌లో పెట్టింది.

"ఉరామరిగా ఐదు మిల్లీమీటర్లని ఒక గీత గీసి సబ్మిట్ చేసెయ్ దీపూ. స్కేలు పట్టుకుని మీ చేనికెవడొస్తాడే?"

"అబద్ధం కొలత పెట్టలేను. అదీ అమ్మ పట్టుకున్న మొక్కకి."

"అయితే బొమ్మ తీసెయ్. ఇంకేం దారుంది? అంకుల్, మీరైనా చెప్పండి. ఈ మొండితనం ఎవరి పోలిక?"

"వాళ్ళమ్మ పోలిక," అన్నాను. నళిని నవ్వి పెట్టేసింది. దేదీప్య నవ్వలేదు.

బొమ్మను పెద్దది చేసింది. తెరంతా చెయ్యే అయింది. గోళ్ళ చుట్టూ రేగడి మట్టి. బొటనవేలి మొదట్లో పాత కొడవలి గాటు. ఉంగరపు వేలికి రాయి లేని వెండి ఉంగరం, చేద తాడు లాగీలాగీ ఒకవైపు అణిగిపోయింది. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేశాను గాని ఆ చేతిని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"ఆ ఉంగరం ఉన్నా చాలేది నాన్నా. దాని వెడల్పు కొలిస్తే బొమ్మలో లెక్క కట్టేదాన్ని. చితిలోనే పోయిందన్నావుగా."

అన్నాను. అప్పట్లో ఫోన్లో ఆమె అడిగింది అదొక్కటే. అమ్మ ఉంగరం దాచిపెట్టు నాన్నా, నాకు కావాలి, అంది. వాచిన వేలికి సబ్బు రాసి నేనే తీశాను. అప్పట్నుంచీ నా బనియను లోపలి జేబులోనే ఉంది.

బయట వాన చూస్తూ కూర్చున్నాను. ఆమె బొమ్మను మళ్ళీ చిన్నది చేసింది.

"పోనీలే, తీసేస్తా," అంది.

"ఉండమ్మా."

ఉంగరం తీసి ఆమె ముందు పెట్టాను. నా వంక చూడలేదు. దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఇచ్చెయ్యాల్సొస్తుందని."

సొరుగులోంచి కొలిచే పరికరం తీసింది. కొలిచింది, లెక్క కుదరలేదన్నట్టు తల అడ్డంగా ఊపి మళ్ళీ కొలిచింది.

"అక్కడ కాదు," అన్నాను. "ఫొటోలో అణిగిన వైపు పైకుంది. అణిగిన చోట కొలువు, కాస్త వెడల్పుంటుంది."

అక్కడ కొలిచింది. నాలుగు పాయింట్ ఆరు మిల్లీమీటర్లు. కాగితం మీద ఏదో లెక్క వేసి, వేరు కింద తెల్లగా చిన్న గీత గీసింది. ఈసారి లెక్క ప్రకారం సరిగ్గా ఐదు మిల్లీమీటర్లు. తర్వాత బొమ్మ పై అంచును నెమ్మదిగా కిందికి జరుపుకుంటూ వచ్చింది. మణికట్టు పోయింది. బొటనవేలు పోయింది. ఉంగరం దగ్గర కాసేపు ఆగింది. తర్వాత అదీ పోయింది. వేరు, బుడిపెలు, గీత మిగిలాయి.

మధ్యాహ్నానికల్లా పంపేసింది. ఉంగరం తన వేలికి పెట్టుకుని చూసింది. వదులైంది. బొటనవేలికి మార్చుకుంది. అలాగే వెళ్ళి బియ్యం కడిగింది. తిరిగిమ్మని నేను అడగలేదు.

సాయంత్రం వాన తెరిపిచ్చాక నడకకు బయల్దేరాను. రోజూలాగే వీధి మలుపులో చెయ్యి బనియను జేబులోకి వెళ్ళింది. అందులో ఏమీ లేదు. తెలిసీ కాసేపు అలాగే ఉంచాను.