పల్లపు ఇంటి గడప

ఎవరైనా ఇల్లు ఇప్పిస్తామంటే, ముందు ఆ ఇంటికి వెనక తలుపు ఉందో లేదో చూసుకోవాలి. మా ఆయన బాలన్న చూసుకోలేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడటం ఆగిపోయిన వారం, ఒక సాయంత్రం నవ్వుకుంటూ వచ్చి, "మనకు ఇల్లొస్తున్నదే" అన్నాడు.

అప్పట్లో మేము రాకాసిపేటలో ఒక బెల్లం కొట్టు వెనక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. వానాకాలం గోడలు చెమటలు పట్టేవి. మా గంగుకు ఆరేళ్లు. మబ్బు పట్టిందంటే చాలు, దాని ఛాతీలో పిల్లి గురగురమనేది. పొడి నేల మీద పడుకోబెట్టకపోతే ఈ పిల్ల నిలవదని డాక్టరు అన్న మాట నా చెవిలోంచి పోలేదు. అందుకే ఇల్లనగానే ఆశ కంటే ముందు భయం పట్టుకుంది.

"ఎవలిస్తుండ్రు?"

"సేవా సంఘపోళ్లు. పన్నెండు ఇండ్లు. లాభం తీస్కోరట. నెలనెలా కొంత కట్టాలె. ఐతారం ఐతారం మనమే పోయి పని చెయ్యాలె."

"కూలి?"

"కూలేంది? మన ఇండ్లే గద."

"అండ్ల మన ఇల్లేది?"

"గది ఎర్కలేదు. అన్ని కట్టినంక చీటీలేస్తరు. ఎవల చీటీల ఏదొస్తే గది."

కూలి లేని పని. ఎవరిదో తెలియని ఇల్లు. మా అవ్వ దొర గడీలో నీళ్లు మోసి మోసి నడినెత్తిన వెంట్రుకలు పోగొట్టుకుంది. ఆ నీళ్లకూ కూలి లేదు.

"ఇది వెట్టి" అన్నాను. "పేరు మార్చిండ్రు, గంతే."

"వెట్టి పోయి ఎన్నేండ్లాయె! నీకు మబ్బు కనవడ్తే వరదే."

"వరదొచ్చినంక సూస్తవ్."

సంఘం పెద్ద చెన్నకేశవరావు గారు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరకు వేసిన మనిషి. ఇళ్లకు జాగా ఇచ్చింది కూడా ఆయనేనట. ఆయనకేం పట్టింది? నాలుగో తరగతి చదివిన నాకు ఈ అనుమానం వచ్చింది గానీ, జాగా చూపించిన రోజు అక్కడ చేరిన మగవాళ్లకు ఒక్కరికీ రాలేదు. నేనే అడిగేశాను.

"రావుసాబ్, కోతలప్పుడు మమ్మల్ని మీ చెరకుల దింపుదామనా?"

ఆయన గొడుగు మడుస్తూ, "మీరు వస్తానన్నా రానివ్వనమ్మా. మీ ఆయన గడ్డపార పట్టుకోవడం చూశానుగా" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వించేవాణ్ణి అసలే నమ్మకూడదు.

"మరి ఎవలిల్లు ఏదో ముందే చెప్పొచ్చు గద?"

"చెబితే ఎవరిది వాళ్లే గట్టిగా కట్టుకుంటారమ్మా. పక్కింటి గోడ ఎవరు చూస్తారు?"

మాట బాగానే ఉంది. మోసగాళ్ల మాట బాగోకపోతే ఎవరు మోసపోతారు?

గోడలు సగం లేచేసరికి నాకు అంతా తెలిసిపోయింది. రోడ్డు పక్క మూల ఇల్లు మెరక. కాలువ వైపు చివరి ఇల్లు పల్లం, పునాది తవ్వితేనే చెమ్మ ఊరింది. మూల ఇల్లు సంఘం వాళ్ల మనుషులకు పోతుంది. పల్లపు ఇల్లు మాకు అంటగడతారు. మా తలరాతలో ఇంకేముంటుంది?

ఎలాగూ మాదే కదా అని ఆ ఇంటి మీద పడ్డాను. ఐతారం మిగతావాళ్లు చెప్పిన చోటికి వెళ్లేవాళ్లు, నేను మొరం గంప ఎత్తుకుని పల్లానికే. అడుగున గుండ్రాళ్లు, పైన చెమ్మను ఎక్కనివ్వని గరుకు మొరం, దాని మీద దిమ్మిస దెబ్బలు. మేస్త్రి తుకారాం చాలన్నా ఊరుకోలేదు.

"గింత ఎత్తు చేస్తే కప్పు తలకు తాకుతది, అక్కా."

"తాకితే వంగి నడుస్త. నువ్వు కొట్టు."

మూల ఇంటి నేల వేసిన రోజు అటు కన్నెత్తి కూడా చూడలేదు. మెరక జాగాకు ఏం రోగమని అక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

గడప నిలిపేటప్పుడు దాని కింద పసుపుకొమ్ము పెట్టడం ఇల్లాలి పని. ఇల్లాలు ఎవరో తెలియని ఇళ్లు కాబట్టి తుకారామే తలా చిటికెడు పసుపు చల్లి నిలుపుతున్నాడు. పల్లపు ఇంటి దగ్గర నేను అడ్డుపడ్డాను. కమ్మర్‌పల్లిలో పసుపు పండించే మా అన్న ఇచ్చిన జంట కొమ్మును గుంటలో పెట్టి, "నా బిడ్డకు ఈ ఇంట్ల దగ్గు రావద్దు తల్లీ" అని మొక్కాను.

వెనక నుంచి లింగవ్వ గొంతు. పెనిమిటి పోయాక చెరకు కోతకు పోతూ బతుకుతున్న మనిషి, ఆమెకూ ఒక ఇల్లు రావాలి.

"ఎవలింటికి పెడ్తున్నవ్ దేవవ్వా?"

"నా ఇంటికే."

"చీటీ తియ్యకముందే?"

"నా నసీబు నాకెర్క."

చీటీల రోజు చెంబు బోర్లించి చూపమన్నాను. చూపించారు. చీటీలు మళ్లీ అందులో వేసి కలిపారు. మా ఆయన చేయి పెట్టి తీశాడు. మూల ఇల్లు. జనం చప్పట్లు కొట్టారు. పల్లపు ఇల్లు లింగవ్వకు వెళ్లింది.

నాకు నవ్వు రాలేదు. మోసమే జరిగింది, కాకపోతే నేను కాపు కాసిన వైపు నుంచి కాదు. అన్నిట్లోకీ గట్టి నేల ఎక్కడుందో నాకు తెలుసు. అదే నాకు రాలేదు.

ఇళ్లలో దిగాక తొలకరి, మిరుగం వాన పడింది. మెరకే గానీ రోడ్డు ఇంకా ఎత్తు, దాని మీది నీళ్లు మా గోడ కింద ఇంకాయి. మధ్యాహ్నానికి నేల నల్లబడింది, చాప కింద చేయి పెడితే తడి. గంగు ఛాతీలో పిల్లి లేచింది. దాన్ని కొంగులో చుట్టుకుని తిన్నగా పల్లానికి నడిచాను.

లింగవ్వ గడప లోపల కూర్చుని మక్కకంకులు ఒలుస్తోంది. ఆమె వెనక నేల ఎండిన జొన్నరొట్టెలా ఉంది.

"లింగవ్వా, నీ కడప కింద నా పసుపుకొమ్మున్నది."

"ఎర్కే. నేను సూడలేదా?"

"అది నాది. నాకియ్యి."

"తీస్కో. కడప పీకి తీస్కపో." కంకి పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "ఆయన పోయినకాంచి నా కడపకు పసుపు పెట్టిన చెయ్యి లేదు. నువ్వు తెల్వక పెట్టినవ్. ఉండనియ్యరాదు?"

నేను వానలోనే నిలబడిపోయాను. ఆమె గంగును నా చేతుల్లోంచి లాక్కుని, గొంగడి పరిచి పడుకోబెట్టింది. "నీ మొక్కు ఇన్న తియ్. నీ బిడ్డకు దగ్గు రావద్దంటివి. ఇల్లు ఎవలిదైతేంది?"

వచ్చిన ఐతారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే లింగవ్వ, పక్కన దిమ్మిసతో తుకారాం, వాళ్ల వెనక గంపలు నెత్తిన పెట్టుకుని సగం కాలనీ. చెన్నకేశవరావు గారు దూరంగా గొడుగు కింద. పనులు ముగిశాయి, చీటీలు అయిపోయాయి. ఇప్పుడు ఎవరికీ ఇంకొకరి నేలతో అవసరం లేదు.

"ఏంది? ఎందుకొచ్చిండ్రు? ఏం గావాలె మీకు?"

"వెట్టికొచ్చినం" అంది లింగవ్వ. "జరుగు, దొరసానీ."

మా ఆయన ఫక్కున నవ్వాడు. నేను జరగలేదు. ఆమె నెత్తి మీది గంప దింపించి, మోచేతి దాకా చేయి దూర్చి తడిమి చూశాను.

మొరమే. అడుగు దాకా.