శాంక్షన్ అయిన దేశం

శాంక్షన్ అయిన దేశం మొహం అలా ఉండకూడదనిపించింది కోడలికి.

టీవీలో ఏదో దుకాణం. అరలన్నీ బోసిపోయి ఉన్నాయి. ఒక ముసలాయన ఖాళీ సంచీ పట్టుకుని వాటి మధ్య నడుస్తున్నాడు. కొనడానికి కాదు, రోజూ వచ్చే అలవాటు కాబట్టి వచ్చినట్టుంది. కింద ఎర్రటి పట్టీ మీద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతున్నాయి. వాటిలో ఆమెకు బాగా తెలిసిన మాట ఒకటి కనిపించింది.

"మామయ్యగారూ, ఆ దేశానికి శాంక్షన్ అయిందటగా. మరి అందరూ అలా ఏడుపు మొహాలు పెట్టుకున్నారేం?"

మామగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "అప్లికేషన్ పెట్టుకుని ఉంటారమ్మాయ్, అయి ఉంటుంది. చేతికి అందడానికి టైం పడుతుంది. శాంక్షన్ వేరు, రిలీజ్ వేరు."

ఈ విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఆయన చేసిన పని అదే. సెలవైనా బదిలీ అయినా కాగితం చివర ఆయన సంతకం పడితేనే శాంక్షన్ అయినట్టు. రిటైరయ్యారు గానీ చెయ్యి ఇంకా కలం పట్టుకున్నట్టే ఉంటుంది. ఇంట్లో ఎవరేమడిగినా "పరిశీలిద్దాం" అంటారు. కొత్త కర్టెన్ల సంగతి ఆయన పరిశీలనలో ఉండగానే పాతవి పీలికలయ్యాయి.

ఇప్పుడు పరిశీలనలో ఉన్నది ఆమె ఉద్యోగం. వీధి చివరి ఆసుపత్రిలో, రిసెప్షన్ బల్ల దగ్గర. బయటి దేశాల రోగులు వస్తుంటారు కాబట్టి ఇంగ్లీషు రావాలన్నారు. మధ్యాహ్నం వెళ్తే మళ్ళీ రాత్రికే ఇంటికి. చేరేదీ లేనిదీ రేపటిలోగా చెప్పాలి, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. మొగుణ్ణి అడిగితే "నాన్ననడుగు" అన్నాడు. సబ్బు అయిపోయిందన్నా అతను అనేది అదే.

విచిత్రమేమిటంటే, ఆ ఉద్యోగానికి కావలసిన ఇంగ్లీషు నేర్పుతున్నదీ మామగారే. సాయంత్రం వార్తల సంగీతం మోగగానే తన కుర్చీ పక్కన ఆమెకో కుర్చీ లాగి వేస్తారు. ఎక్కడో దేశాలు ఒకదాని మీద ఒకటి కళ్ళెర్రజేస్తుంటే ఇక్కడ ఆమె కూర్చుని మాటలు ఏరుకుంటుంది. ఎస్కలేషన్ అంటే గొడవ ముదరడమని ఆయన చెప్పినప్పుడు ఆమెకు పెద్ద దుకాణంలో కదిలే మెట్లు గుర్తొచ్చాయి. మనం కాలు కదపకపోయినా అవి పైకి మోసుకుపోతాయి. పెళ్ళైన కొత్తలో తాను పల్లెత్తు మాట అనకుండానే ఆకాశానికెక్కిన ఒక గొడవ జ్ఞాపకం వచ్చింది. అప్పుడు దానికి పేరు తెలియలేదు. ఎక్కడి మాటో వచ్చి, తనలో ఎప్పటి నుంచో ఖాళీగా ఉన్న చోటు చూసుకుని కూర్చోవడం ఆమెకు భలే వింతగా ఉండేది.

నిన్న మామగారు "టాక్స్ ఫెయిలయ్యాయి" అని చదివితే, లోపల్నుంచి అత్తగారు అందుకున్నారు.

"పన్నులు కట్టకపోతే ఫెయిలవక ఏమవుతాయి?"

"ఆ టాక్స్ కాదే! కూర్చుని మాట్లాడుకోవడం."

"ఓహో, అదా! మనింట్లో ఎప్పుడో ఫెయిలైందిగా."

ఇవాళ మాత్రం శాంక్షన్ ఆమెను వదల్లేదు. గిన్నెలు తోముతుంటే గిన్నెలోంచి ఆ ఖాళీ సంచీ ముసలాయన చూస్తున్నాడు. చెయ్యి తుడుచుకుని, మామగారి అలమరలోంచి లావుపాటి నిఘంటువు దించింది. మొదటి అర్థం: అనుమతి, మంజూరు. సరే. దాని కిందే రెండోది: దండన, ఆంక్ష.

ఆమె మళ్ళీ చదివింది. పక్క మాట అర్థం ఇక్కడ పడిందేమోనని పైకీ కిందికీ వెతికింది. లేదు. రెండూ ఆ మాటవే. ఇచ్చే చెయ్యీ ఆపే చెయ్యీ ఒకటే కాబట్టి పేరు కూడా ఒకటే పెట్టేశారా? అయితే "పరిశీలిద్దాం" ఏ చెయ్యి? సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా ఓపిగ్గా పలికించే మనిషి, ఆ మాటల్ని వాడుకునే చోటికి మాత్రం ఎందుకు పోనివ్వడు? కోపం రావలసిన చోట ఆమెకు కుతూహలం పుట్టింది.

పుస్తకం తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన పెదవులు కదుపుతూ చదివారు.

"అచ్చుతప్పేమో."

"నేనూ అలాగే అనుకున్నాను. కాదు."

"ఇన్నేళ్ళూ జనానికి ఏది శాంక్షన్ చేశారో ఏమో పాపం!" అన్నారు అత్తగారు గుమ్మంలో నిలబడి.

ఆయన నవ్వలేదు. ఆ మాట మీద వేలుపెట్టి, చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషికి ఇంకో కాపురం ఉందని తెలిసినట్టు చూస్తూ ఉండిపోయారు.

ఆమె అడిగేసింది. "నాది ఏ శాంక్షన్ మామయ్యగారూ? పైదా, కిందిదా?"

టీవీలో ఎవరో ఎవరినో హెచ్చరిస్తున్నారు. ఆయన దాని గొంతు తగ్గించారు గానీ తన గొంతు పెంచలేదు.

"ఆయన్నేం అడుగుతావే పిచ్చిదానా," అన్నారు అత్తగారు. "నీకు ఉద్యోగం వస్తే ఆయన ఉద్యోగం ఊడుతుంది. ఇక సాయంత్రాలు పాఠం ఎవరికి చెప్తారు, నాకా?"

"నువ్వూరుకో," అన్నారాయన. అందులో పస లేదు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె ఆ చెవుల్ని చూసింది. తర్వాత తన కుర్చీని చూసింది. ఇన్నాళ్ళూ తనకేం దొరకదోనన్న దిగులే గానీ, ఈ కుర్చీ ఖాళీ అయితే పక్క కుర్చీకి ఎలా ఉంటుందో ఆమెకెప్పుడూ తట్టలేదు.

"పొద్దున కూడా వార్తలొస్తాయి మామయ్యగారూ. దేశాలు రాత్రికి రాత్రే రాజీపడిపోవుగా. రేపు ఆసుపత్రికి వెళ్ళి చేరతానని చెప్పేస్తాను."

ఆయన నిటారుగా కూర్చున్నారు. "అడుగుతున్నావా, చెబుతున్నావా?"

"ఇంకా తేల్చుకోలేదు. రెండింటికీ కలిపి ఒకే మాట ఉంటే బాగుండు."

అత్తగారు పకపకా నవ్వారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. పుస్తకం మూయనూ లేదు.

మర్నాడు పొద్దున ఆమె కాఫీ తెచ్చేసరికి టీవీ నడుస్తోంది, పక్కన కుర్చీ వేసి ఉంది. ఇద్దరూ సీజ్‌ఫైర్ నేర్చుకున్నారు. అది శాంతి కాదనీ, తుపాకీ దించడం మాత్రమేననీ, దించిన తుపాకీ చేతిలోనే ఉంటుందనీ ఆయన చెప్పారు. అది అయ్యాక ఆమె చీర మార్చుకుని గుమ్మం దగ్గర చెప్పులేసుకుంది.

"వెళ్ళొస్తాను మామయ్యగారూ."

"పరిశీ..." అని ఆగిపోయారు. పాత అలవాటు గొంతులోనే తడబడింది. "అమ్మాయ్, దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

"దేన్ని?"

"వెళ్ళొస్తాను. వెళ్ళడమూ రావడమూ ఒకే మాటలో. మనకీ ఉందే అలాంటిది!"

ఆమె మెట్టు మీద నిలబడి వెతికింది. ఎన్ని వార్తలు తిరగేసినా దొరకలేదు.

"వచ్చాక పరిశీలిద్దాం," అని మెట్లు దిగింది.