మరిది పెట్టిన పళ్ళెం

కళ్ళద్దాల షాపావిడ మరిదికి, అంటే చెల్లెలి మొగుడికి, ఒక జబ్బు ఉండేది. ఇంట్లో ఏం జరిగినా అందులోంచి ఒక దైవ సందేశం పిండకపోతే అతనికి తిండి సహించేది కాదు.

పగలంతా మంచినీటి ఫిల్టర్లు అమ్మేవాడు. తెల్లవారకముందే లేచి, బయటి చప్పుడు రాకుండా సామాన్ల గదిలో గోడలకు పాత పరుపులు ఆనించి, వాటి మధ్య కూర్చుని, ఫోన్లో చిన్న ధ్యానం, అంటే బైబిలు వాక్యం మీద నాలుగు మాటలు, రికార్డు చేసి చర్చి వాళ్ళందరికీ పంపేవాడు. వాళ్ళు తమ చుట్టాలకు పంపేవారు. భార్య పాలు మాడబెడితే అది ఇశ్రాయేలీయుల అజాగ్రత్త. పక్కింటాయన స్కూటరు పంక్చరైతే అది యోబు సహనం. మాడిన గిన్నె కూర్చుని తోమేది మాత్రం భార్యే. ఆ ముక్క ఏ ధ్యానంలోనూ వచ్చేది కాదు. గొంతు బాగుండేది, అది ఒప్పుకోవాలి. ఫిల్టరు కొనమని చెప్పినా పరలోకానికి దారి చూపిస్తున్నట్టే ఉండేది.

షాపావిడ ఆ ధ్యానాలు వినేది కాదు. చెల్లెలు బాధపడుతుందని ఫోన్లో ఉంచుకునేది, అంతే.

ఒకరోజు పొద్దున్న ఆమె ఒక కళ్ళజోడుకు అద్దం బిగిస్తోంది. ఫ్రేమును వేడిగాలికి పట్టి, మెత్తబడగానే అద్దాన్ని బొటనవేలితో నొక్కాలి. ఆ సమయంలో చర్చికి వచ్చే రిటైర్డ్ టీచరమ్మ లోపలికి వచ్చి, అమాంతం ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఎంత మనసమ్మా నీది! పొద్దున్నే విని ఏడ్చేశాను. అంత అన్యాయం చేసి పోయినవాడికి రోజూ పళ్ళెం పెడుతున్నావా?"

అద్దం అంచు చిట్లింది.

"ఎవరికి పళ్ళెం పెడుతున్నాను టీచరుగారూ?"

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఫోను తీసి వినిపించింది. సోదరుడు తప్పు చేస్తే ఎన్నిసార్లు క్షమించాలని పేతురు యేసుప్రభువును అడిగిన సందర్భం. దాని మీద మరిది గొంతు పాకంలా సాగుతోంది. 'నాకు బాగా తెలిసిన ఒక సహోదరి ఉన్నారు. కళ్ళద్దాలు అమ్ముకుని బతుకుతారు. భర్త ఆమెను విడిచిపోయాడు. కానీ ఆమె అతన్ని ఎప్పుడో క్షమించేసింది. ఈనాటికీ రాత్రి భోజనాల బల్ల మీద అతని కోసం ఒక పళ్ళెం పెడుతుంది, ప్రియులారా…'

ఆ భర్త పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాడు. ఆమెకు కడుపులో గడ్డ ఆపరేషను జరిగిన రోజున, మందులు తెస్తానని ఆస్పత్రి మెట్లు దిగి, అటునుంచి అటే ఇంకొకామెతో వెళ్ళిపోయాడు. ఆమెకు మత్తు దిగి నీళ్ళు అడిగితే పక్క మంచం పేషెంటు కూతురు తాగించింది. అప్పటినుంచి ఆమె అతని పేరెత్తలేదు. పళ్ళెం సంగతి అటుంచండి, అతను వాడిన గ్లాసును కూడా ఇంట్లో ఉంచలేదు.

ఆ సాయంత్రం షాపు మూసి నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్ళింది. మరిది సోఫాలో కూర్చుని, తనకొచ్చిన మెచ్చుకోళ్ళను పైకి చదువుకుంటున్నాడు.

"ఏమిటయ్యా అది? నేను పళ్ళెం పెట్టడం నువ్వెప్పుడు చూశావు?"

"వదినా, అది ఉపమానం. ప్రభువు కూడా ఉపమానాలు చెప్పాడు కదా."

"ఆయన ఏ ఉపమానంలోనూ వదిన షాపు సంగతి చెప్పలేదు."

మరిది మెత్తగా నవ్వాడు. ఎదుటివాళ్ళు తప్పులో ఉన్నారని తేలిపోయినప్పుడు నవ్వే నవ్వు అది. "నా ఉద్దేశం మంచిదే వదినా. ఎంతమంది కన్నీళ్ళు పెట్టుకున్నారో తెలుసా? ఇప్పుడు తీసేస్తే వాళ్ళ విశ్వాసం ఏమైపోవాలి?"

"నా పరువు పోయినా ఫరవాలేదన్నమాట."

"పరువు పెరిగింది. నువ్వే చూడటం లేదు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటివాడితో వాదించడమంటే సబ్బునురుగును గుప్పిట పట్టడమేనని అనుకుని లేచి వచ్చేసింది. చెల్లెలు గుమ్మం దాకా వచ్చి ఏదో అనబోయి, లోపలినుంచి మొగుడు పిలవడంతో వెనక్కి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండానే ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఆమె ఇంటి గుమ్మంలో, చేతిలో ఒక పెట్టె, భుజాన ఒక సంచి. జుట్టు పలచబడింది, దగ్గుతున్నాడు. వెంట వెళ్ళినామె ఎక్కడుందని ఆమె అడగలేదు. వదిలేసి ఉంటుందని ఇస్త్రీ లేని ఆ చొక్కా చూస్తేనే తెలుస్తోంది.

"ఎవరో పంపారు, విన్నాను. నమ్మలేకపోయాను" అన్నాడు. ఆ మాట అంటూనే అతని చూపు ఆమె భుజం మీదుగా లోపలికి పోయింది. భోజనాల బల్ల మీద ఒకే ఒక్క పళ్ళెం, సగం తిన్నది, ఉంది.

"రెండోది ఏది?" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత కడుపుబ్బ నవ్వింది. అప్పటి ఆపరేషను కుట్లు వేసిన చోట నొప్పి పుట్టేదాకా నవ్వింది. ఈ మనిషి పళ్ళెం కోసం వచ్చాడు! ఊరు దాటి, పెట్టె సర్దుకుని, పళ్ళెం ఉంటుందేమో చూద్దామని వచ్చాడు!

"ఉంది. ఇక్కడ కాదు. పద" అంది.

ఇద్దరూ ఆటో ఎక్కారు. చెల్లెలి ఇంటి బెల్లు నొక్కింది. మరిదే తలుపు తీశాడు.

"మరిదీ, ఇదిగో. నువ్వు క్షమించినవాడు వచ్చాడు. పళ్ళెం పెట్టు."

మరిది తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "అంటే… వదినా, మా ఇల్లు చిన్నది…"

"పరదేశిని ఇంట్లో చేర్చుకోవాలని మొన్న నువ్వే చెప్పావట. టీచరమ్మ చెప్పింది."

అతను నోరు తెరిచేలోపు వెనకనుంచి చెల్లెలు వచ్చింది. బావగారి ముఖంలోకి చూసింది, అక్క ముఖంలోకి చూసింది, చివరికి మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"రండి బావగారూ. సామాన్ల గదిలో పరుపులున్నాయి. పడుకోవడానికి బాగుంటాయి" అంది.

ఆ మర్నాటినుంచి ధ్యానాల అవస్థ చూడాలి. గోడల పరుపులు నేల మీదికి దిగాయి. మరిది వంటింట్లో, బాత్రూములో, చివరికి డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని రికార్డు చేశాడు. ఎక్కడ కూర్చున్నా మధ్యలో దగ్గు వినిపించేది. శాంతి సమాధానాల గురించి చెబుతుంటే దగ్గు. ప్రేమ దీర్ఘకాలము సహించును అంటుంటే, "తమ్ముడూ, సబ్బెక్కడ?" అని కేక. పైగా ఆ మనిషి తిన్నాక పళ్ళెం తీసేవాడు కాదు. చెల్లెలు కూడా తీసేది కాదు. "మీ అతిథే కదండీ" అని మొగుడికి చూపించేది. పాపం, పరలోకానికి దారి చూపించే మనిషి ఎంగిలి పళ్ళెం తోముకున్నాడు.

పది రోజులకే షాపుకు వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు.

"వదినా, అతన్ని ఎలాగైనా పంపించెయ్. నీ మాట వింటాడు."

"నా మాట వినేవాడైతే మందులు తెచ్చేవాడు. నువ్వు చెప్పింది అబద్ధమని, అదే గొంతుతో, అందరికీ చెప్పు. అప్పుడు చూద్దాం."

"అబద్ధం అనే మాట కాస్త…"

"అదే మాట."

సరేనన్నాడు. మర్నాడు ధ్యానం వచ్చింది. ఆమె తొలిసారి మొదటినుంచి చివరిదాకా విన్నది. 'ప్రియులారా, మొన్న నేను చెప్పిన సహోదరి విషయంలో కొంత తొందరపడ్డాను. ఆమె హృదయం ఇంకా కఠినంగానే ఉంది. ఆమె కోసం మనమందరం ప్రార్థన చేద్దాం.'

ఆమె ఫోనును బల్ల మీద బోర్లా పెట్టింది. కోపం కూడా రాలేదు. చెప్పు కింద పడిన బొద్దింక మళ్ళీ కదిలితే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

అదే రోజు మధ్యాహ్నం ఇంకొకటి వచ్చింది. మరిది ఫోనునుంచే వచ్చింది, గొంతు మాత్రం అతనిది కాదు. మరిది స్నానానికి వెళ్ళినప్పుడు ఫొటోగ్రాఫరు ఆ ఫోను తీసుకున్నాడు. ముందు దగ్గాడు.

'నేను ఆమె మొగుణ్ణి. ఆమె నాకు పళ్ళెం పెట్టలేదు. క్షమించనూ లేదు. ఆపరేషను రోజున వదిలేసి పోయాను. ఆమె హృదయం సంగతి ఈయనకేం తెలుసు? నాకే తెలియదు. ప్రార్థన చేయదలుచుకుంటే నా కోసం చేయండి. లేకపోతే మానేయండి.'

వాక్యం లేదు, ఆమెన్ లేదు. చర్చి వాళ్ళు చాలామంది ఏదో పొరపాటు అనుకున్నారు. పాస్టరుగారు మాత్రం ఫోను చేసి, కొన్నాళ్ళు ధ్యానాలు ఆపి విశ్రాంతి తీసుకోమని మరిదికి సలహా చెప్పారు. అతను ముఖం మాడ్చుకుని, దాన్ని కూడా ఏ తప్పూ చేయని యోసేపు చెరసాలతో పోల్చుకున్నాడు.

ఆ సాయంత్రం ఫొటోగ్రాఫరు పెట్టెతో షాపు ముందు ఆగాడు. లోపలికి రాలేదు.

"వెళ్తున్నాను" అన్నాడు.

"విన్నాను" అంది ఆమె. చేతిలోని కళ్ళజోడు తుడుస్తూ, "ఆ దగ్గుకు డాక్టరుకు చూపించుకో" అంది. మీసాలు తీయించుకో అన్నట్టే చెప్పింది, అందులో జాలి లేదు. అతను తలూపి బస్టాండు వైపు నడిచాడు. అతని మీద అసహ్యం పోలేదు. కాకపోతే, నిజం చెప్పినందుకు ఒక్క రవ్వ తగ్గింది. మరిది మీది అసహ్యం మాత్రం ఒక్క రవ్వ కూడా తగ్గలేదు.

ఆదివారం చర్చిలో అందరూ లేచి ప్రభువు నేర్పిన ప్రార్థన చెబుతున్నారు. మా యెడల తప్పు చేసినవారిని మేము క్షమించిన ప్రకారం అనే చోట ఆమె ఎప్పటిలాగే నోరు మూసుకుంది. దేవుడి ముందు అబద్ధం ఎందుకని ఆమె లెక్క. అప్పుడు గమనించింది, పక్కన చెల్లెలు కూడా మూసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ముందు వరసలో మరిది కళ్ళు మూసుకుని, తల పైకెత్తి, ఆ వాక్యాన్ని అందరికంటే గట్టిగా చెబుతున్నాడు.