నేను సైకిల్ మీద నుంచి పడలేదు

పన్నెండేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. మా ఊరి నుంచి మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి రానూపోనూ పద్నాలుగు కిలోమీటర్లు. ఒక్కసారి కూడా పడలేదు. అలాంటి నేను, సైకిల్ మీద నుంచి పడి చైన్‌లో ఇరుక్కుని రెండు వేళ్లు తెగాయని ఆసుపత్రిలో నా నోటితోనే చెప్పాను. తెగింది పలకలు కోసే మిషన్ రంపంలో. మిషన్ పేరెత్తితే ఫ్యాక్టరీ మూసేస్తారని, అందరి నోట్లో మట్టి కొట్టినదాన్నవుతానని మేస్త్రీ శ్రీహరి ఆటోలో దారి పొడుగునా నూరిపోశాడు. భయపడ్డాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

నెల తిరిగాక, ఆ చేత్తో ఇక పనికి రావద్దన్నారు. లాయరు హేమలత దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పి, కార్మిక శాఖలో పరిహారానికి దరఖాస్తు పెట్టించాను.

విచారణ రోజు శ్రీహరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ పొద్దున నేను డ్యూటీకి వస్తూ ఫ్యాక్టరీ మలుపులో పడ్డానని, తానే లేపానని పూసగుచ్చినట్టు చెప్పాడు. అంతా విని హేమలత నవ్వింది. పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదమైనా, పనితో సంబంధం ఉందని తేలితే పనిలో జరిగినట్టే లెక్కని, ఆ సాక్ష్యం మేస్త్రీగారే చెప్పేశారని అధికారికి వివరించింది.

అయితే సైకిల్ ప్రమాదమనే రాసుకోనా అని అధికారి నన్నడిగాడు. ఊఁ అంటే చాలు, పరిహారం వచ్చినట్టే. మిషన్ అంటే ఆసుపత్రి కాగితం నాకే అడ్డొస్తుందని హేమలత ముందే హెచ్చరించింది, నిర్ణయం మాత్రం నాకే వదిలేసింది. కానీ రంపం ముందు నేను కూర్చున్న చోట ఇప్పుడు మా వీధి పిల్ల ఝాన్సీ కూర్చుంటోంది. దానికి పది వేళ్లూ ఉన్నాయి.

"రాయొద్దు సార్. సైకిల్ మీద పడినానని ఆ పొద్దు అబద్ధం చెప్పినా. రంపానికి మూత లేక తెగినాయి. నన్ను నమ్మబాకండి, వచ్చి మిషన్ చూడండి."

మధ్యాహ్నం వస్తానన్నాడు అధికారి. శ్రీహరి ఫోన్ చెవికి ఆనించుకుని బయటికి పరుగెత్తాడు.

మేం వెళ్లేసరికి రంపం మీద కొత్త ఇనుప మూత ఉంది. శ్రీహరి దాన్ని తట్టి, మొదటి నుంచీ ఉన్నదేనన్నాడు. పనివాళ్లెవరూ తలెత్తలేదు. అధికారి ఝాన్సీని అడిగాడు. ఆ పిల్ల ఒకసారి మేస్త్రీ వైపు, ఒకసారి నా చేతి వైపు చూసి లేచి నిలబడింది.

"ఇందాక అన్నం తినే యాళకు బిగించినారు సార్. రోశమ్మక్క వేళ్లు పోయిన పొద్దు లేదు. నేను పక్కనే ఉన్నా."

శ్రీహరి గొంతు సవరించుకున్నాడు. అధికారి కలం తీసి ఆమె పేరడిగాడు. ఝాన్సీ ఇంటిపేరుతో సహా చెప్పింది, అందరికీ వినబడేట్టు.